ఇంట్లో ఎవరూ లేనప్పుడు

మా కర్రికి అప్పుడు పదకొండు నెలలు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో జనరేటర్ వెనకాల పుట్టిన నల్లకుక్క. మూడో నెలలో పైకి తెచ్చుకున్నాం. మేం ఇద్దరం బయటికి వెళ్తే వాణ్ణి క్రేట్‌లో, అంటే ఇనప చువ్వల పెట్టెలో, ఉంచి వెళ్లేవాళ్లం. ఒక శనివారం, ఇక చాల్లే అనిపించి, మొదటిసారి ఇల్లంతా వదిలేసి వెళ్లాను. పొద్దుటి నుంచీ గదిలో తలుపేసుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాను. కాల్ అవగానే అటునుంచి అటే బయటికి. నలభై నిమిషాల్లో తిరిగొచ్చి తలుపు తీస్తే, వంటింటి నుంచి హాలు దాకా తెల్లటి పాదాల గుర్తులు. వంటింట్లో గోధుమపిండి డబ్బా బోర్లా పడి ఉంది. కర్రి సోఫా పక్కన చెవులు వెనక్కి వాల్చి, తోక కాళ్ల మధ్య దాచుకుని, నావైపు చూడకుండా గోడవైపు చూస్తున్నాడు. మూతికి కూడా పిండి.

ఇంకేం సాక్ష్యం కావాలి? గట్టిగా అరిచాను. మెడపట్టీ పట్టుకుని ఈడ్చుకెళ్లి బాల్కనీలో పెట్టి తలుపేశాను. సాయంత్రం మా ఇంట్లో పనిచేసే అక్క ఫోన్ చేసింది. "అన్నా, పొద్దున పిండి డబ్బా నా చెయ్యి తగిలి పడ్డది. గప్పుడే పిలగాని బడి నుంచి ఫోనొచ్చింది, ఉరికిన. ఊడ్వనే లేదు. ఏమనుకోకు."

ఆ రాత్రి నన్ను తొలిచింది నేను అరిచానన్న సంగతి ఒక్కటే కాదు. వాడి మొహం. నేరం ఒప్పుకున్నవాడి మొహం అది. చెయ్యని తప్పుకి అలా ఎందుకు ముడుచుకున్నాడు?

దీనికి జవాబు వెతుకుతుంటే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో ప్రచురించిన ఒక చిన్న పరిశోధన దొరికింది. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో కుక్కల ప్రవర్తన మీద పనిచేసే మనిషి ఆమె. 14 పెంపుడు కుక్కల్ని వాటి ఇళ్లలోనే పరీక్షించింది. యజమాని కుక్క ముందు తినుబండారం చూపించి, తినొద్దని చెప్పి, గదిలోంచి వెళ్లిపోతారు. లోపల కొన్నిసార్లు కుక్క దాన్ని తింటుంది, కొన్నిసార్లు పరిశోధకురాలే తీసేస్తుంది. తిరిగొచ్చిన యజమానికి మాత్రం నిజమే చెబుతారన్న గ్యారంటీ లేదు. తినని కుక్క గురించి కూడా "తినేసింది" అని చెప్పి తిట్టిస్తారు. తేలిందేమిటంటే, మనం 'తప్పు చేసిన మొహం' అనుకునే ఆ చెవులు వాల్చడం, చూపు తిప్పుకోవడం, ఒళ్లు ముడుచుకోవడం తప్పు చేసిన కుక్కల్లో ఎక్కువేం కాదు. తిట్లు తిన్న కుక్కల్లో ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది, తప్పు చెయ్యకుండానే తిట్లు తిన్న కుక్కల్లో.

కర్రి మొహంలో నేను చదివింది నా మొహాన్నే అన్నమాట. తలుపు తీసిన క్షణంలో నా నడక, నా ఊపిరి చూసి వాడు ముడుచుకున్నాడు. దాన్ని నేను ఒప్పుకోలుగా రాసుకున్నాను.

నిజానికి ఈ సంగతి తెలుసుకోవడానికి న్యూయార్క్ దాకా వెళ్లక్కర్లేదు. మహాభారతం ఆదిపర్వంలో, ఇంకా పాండవులూ కౌరవులూ ఎవరూ రాకముందే, ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తుంటే దేవశుని సరమ కొడుకు సారమేయుడు ఆడుకుంటూ అటు వెళ్తాడు. జనమేజయుడి తమ్ముళ్లు శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు కొట్టి తరుముతారు. ఏడుస్తూ వచ్చిన కొడుకుని సరమ మొదట అడిగేది, నువ్వేదో చేసే ఉంటావు కదా అని. తల్లికి కూడా అదే అనుమానం! నేనేం చెయ్యలేదు, హవిస్సుల వంక చూడను కూడా లేదు, నాకలేదు అంటాడు వాడు. అప్పుడామె యాగశాలకి వెళ్లి నిలదీస్తుంది. వాళ్లు ఏ జవాబూ చెప్పరు. ఊహించని భయం మీ మీద పడుగాక అని శపించి వెళ్లిపోతుంది. నన్నయ కూడా ఈ కథని వదల్లేదు. సరమ నోట ఆయన పెట్టిన పద్యం ఇప్పటికీ చాలామందికి నోటికొచ్చు, అది మాట్లాడేది ఒక కుక్క అని మాత్రం మర్చిపోతుంటాం. అంత పెద్ద భారతం చివర్లో ధర్మరాజు స్వర్గద్వారం దగ్గర కుక్కని వదలనని మొండికేస్తాడు. దాని గురించి అందరూ చెబుతారు. మొదట్లో దెబ్బలు తిన్న కుక్కపిల్ల గురించి చెప్పేవాళ్లు తక్కువ. భారతంలో రెండు చివర్లా ఉన్న ప్రశ్న ఒకటే: కుక్క ఎక్కడిదాకా రావచ్చు?

అది నా ఇంట్లో మామూలు ప్రశ్నగా మొదలై, ఆ నవంబరు నుంచి మామూలుది కాకుండా పోయింది. మాకు బిడ్డ పుట్టబోతోందని తెలిసింది. ప్రకాశం జిల్లాలో మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. వచ్చిన రెండో రోజే విషయం తేల్చేసింది.

"ఒరే నాన్నా, కుక్కని పెంచుకో, నేనొద్దనను. కానీ దాని చోటు గడప బయట. బిడ్డ తిరిగే ఇంట్లో అదేంట్రా?"

నేను చదువుకున్నవాణ్ణి కాబట్టి కథ చెప్పాను. బ్రాహ్మడూ ముంగిసా కథ. ఉయ్యాల్లో బిడ్డ, పాము, దాన్ని చంపిన ముంగిస, నోటికి నెత్తురుతో ఎదురొచ్చిన ముంగిసని చూసి బిడ్డని తినేసిందనుకుని చంపేయడం. "చూశావా, అనుమానంతో తొందరపడితే ఏమవుతుందో" అన్నాను. అమ్మ చిక్కుడుకాయలు వలుస్తూ వింది.

"ఆ కథలో తప్పు తొందరపడ్డం కాదురా. పసిబిడ్డ దగ్గర మనిషి లేకుండా పోవడం."

చిన్నప్పటి నుంచీ తెలిసిన కథ. ఒక్కసారి కూడా అటువైపు నుంచి చూడలేదు. ఆ తర్వాత ఒకటి రెండు నెలలు ఈ కథ ఎక్కడెక్కడ తిరిగిందో వెతుక్కుంటూ పోయాను. అమ్మకి ఎదురు చెప్పడానికే మొదలుపెట్టానని ఒప్పుకోవాలి.

పంచతంత్రంలో ఇది ఐదో తంత్రం అపరీక్షితకారకంలోది, అంటే పరీక్షించకుండా చేసే పనుల గురించిన భాగం. బాగా ప్రచారంలో ఉన్న పాఠంలో ఇల్లాలు ముంగిసని కొడుకుతో సమానంగా పెంచుతుంది, కానీ నమ్మదు. నీళ్లకి వెళ్తూ, బిడ్డని చూస్తుండమని మొగుడికి చెప్పి మరీ వెళ్తుంది. ఆయన భిక్షకి వెళ్లిపోతాడు. తిరిగొచ్చిన ఆమె నెత్తుటి మూతి చూసి నీళ్లకుండ ముంగిస మీద పడేస్తుంది. హితోపదేశంలో ఊరు ఉజ్జయిని, బ్రాహ్మడి పేరు మాధవుడు. అక్కడ ఇల్లాలు స్నానానికి వెళ్తుంది, రాజుగారి నుంచి శ్రాద్ధానికి పిలుపొస్తుంది. ఆలస్యం చేస్తే ఆ దానం ఇంకొకడు ఎగరేసుకుపోతాడని ఆయన కంగారు. బిడ్డని ముంగిసకి అప్పజెప్పి వెళ్తాడు, తిరిగొచ్చి తనే చంపుతాడు. చంపిన చెయ్యి మారింది కానీ, ఇల్లు ఖాళీ అవడం మారలేదు.

ఆరో శతాబ్దంలో ఇరాన్ రాజు అనుషిర్వాన్ కాలంలో బుర్జోయ్ అనే వైద్యుడు పంచతంత్రాన్ని పహ్లవీలోకి తెచ్చాడు. ఎనిమిదో శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా దాన్ని అరబ్బీలో 'కలీలా వ దిమ్నా'గా రాశాడు. అక్కడ బ్రాహ్మడు ఒక సాధువయ్యాడు, ముంగిస దానికి దగ్గరి పోలికున్న వీజిల్ అయింది. హీబ్రూ మీదుగా పదమూడో శతాబ్దంలో జాన్ ఆఫ్ కపువా చేతిలో లాటిన్‌లోకి దిగేసరికి ఆ జంతువు కుక్కగా మారిపోయి ఉంది. కారణం తేలిగ్గానే ఊహించొచ్చు. ముంగిసని ఎప్పుడూ చూడని జనానికి ఇంట్లో తిరుగుతూ, పాముని చంపగలిగి, మనిషి నమ్మే జంతువు ఏది? అనువాదంలో మాట మారడం అంటే ఇలా ఉండాలి అనిపిస్తుంది నాకు. అర్థానికి సరిపోయే మాట కాదు, భయానికి సరిపోయే మాట వెతికారు.

ఇదే కథ ఇంకో దారిలో కూడా యూరప్ చేరింది. 'ఏడుగురు జ్ఞానులు' అనే కథల సంపుటి మధ్యయుగాల్లో అక్కడ విపరీతంగా చదివారు. దాని చట్రం ఏమిటంటే, ఒక రాజకుమారుడి మీద సవతి తల్లి అబద్ధపు నింద వేస్తుంది. అతను కొన్నాళ్లు నోరు విప్పకూడదు. రాజు మరణశిక్ష వేస్తాడు. ఒక్కో జ్ఞాని ఒక్కో రోజు ఒక కథ చెప్పి శిక్షని వాయిదా వేయిస్తుంటాడు. అందులో ఒకటి 'కుక్క' కథ. వీరుడొకడు పోటీలకి వెళ్తాడు. బిడ్డని చూడాల్సిన దాదులు కూడా పోటీలు చూడ్డానికి పోతారు. ఉయ్యాల దగ్గర వేటకుక్క మిగులుతుంది. తర్వాత పాము, తలకిందులైన ఉయ్యాల, నెత్తురు, కత్తి. ఈ కథ అక్కడ ఎందుకు పనికొచ్చిందో చూడండి. నోరు లేని నిందితుడి తరఫున వాదనగా. కుక్కకీ ఆ కుర్రాడికీ ఉన్న పోలిక అదే, ఇద్దరూ ఏం జరిగిందో చెప్పలేరు. అయితే అదే సంపుటి సవతి తల్లి మాటనీ, మొత్తంగా ఆడవాళ్ల మాటనీ నమ్మొద్దని ఊదరగొడుతుంది కూడా. ఒక మూగ సాక్షిని కాపాడటానికి ఇంకొకరి నోరు మూయించారు.

ఇక్కడిదాకా పుస్తకాల సంగతి. అసలు విచిత్రం పదమూడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో, లియోన్ నగరానికి దగ్గర్లో జరిగింది. స్టీఫెన్ ఆఫ్ బూర్బన్ అనే డొమినికన్ సన్యాసి అక్కడి పల్లెల్లో తిరుగుతూ పాపాల ఒప్పుకోలు వింటున్నాడు. చాలామంది ఆడవాళ్లు జబ్బు చేసిన పిల్లల్ని సెయింట్ గినెఫోర్ దగ్గరికి తీసుకెళ్లామని చెప్పారు. ఎవరీ సెయింటు అని ఆరా తీస్తే, కుక్క! వేటకుక్క. ఒక కోటలో ప్రభువూ భార్యా దాదీ ఎవరూ లేనప్పుడు ఉయ్యాల్లోని బిడ్డని పాము నుంచి కాపాడి, యజమాని చేతిలో చచ్చిన కుక్క. కోట ముందున్న బావిలో దాన్ని పడేసి, పైన రాళ్లు పేర్చి, చుట్టూ చెట్లు నాటారట. కాలక్రమంలో కోట పాడుబడింది, కుక్క అమరవీరుడయింది. స్టీఫెన్ ఆ ఎముకలు తవ్వించి, చెట్లు నరికించి, తగలబెట్టించాడు. అయినా మొక్కులు ఆగలేదు. పందొమ్మిదో శతాబ్దంలో కూడా అక్కడికి వెళ్లే తల్లులుండేవారు. ఫ్రెంచి చరిత్రకారుడు జాన్ క్లోద్ ష్మిట్ 1979లో దీని మీదే ఒక పుస్తకం రాశాడు.

స్టీఫెన్ రాసినదాంట్లో నన్ను ఆపేసింది ఆ మొక్కు తీర్చే పద్ధతి. తల్లి బిడ్డని బట్టల్లేకుండా చెట్టు మొదట్లో పడుకోబెట్టి, తలకి రెండు వైపులా కొవ్వొత్తులు వెలిగించి, అవి ఆరిపోయేదాకా బిడ్డ కనపడనంత, ఏడుపు వినపడనంత దూరం వెళ్లిపోవాలి. ఆ కొవ్వొత్తుల మంటకి కాలిపోయిన పిల్లల గురించి కూడా ఆయన రాశాడు. బిడ్డని ఒంటరిగా వదలడం వల్ల పుట్టిన దేవుడి దగ్గర బిడ్డని ఒంటరిగా వదిలారు. ఆ తల్లుల్ని వెక్కిరించడం తేలిక. ఇంకే మందూ లేని జబ్బుతో బిడ్డ కరిగిపోతుంటే చూస్తూ కూర్చోలేకే వాళ్లు ఆ పని చేశారు.

వేల్స్‌లోని బెడ్‌గెలర్ట్ అనే ఊరికి వెళ్తే ఇదే కుక్కకి ఇంకో సమాధి ఉంది. పేరు గెలర్ట్, యజమాని పదమూడో శతాబ్దపు వేల్స్ రాజు లెవెలిన్. ఈసారి పాము పోయి తోడేలు వచ్చింది, పోటీల బదులు వేట. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అక్కడి హోటల్ యజమాని ఒకాయన యాత్రికుల్ని రప్పించడానికి ఆ సమాధి కట్టించాడని చెబుతారు. 1892లో జోసెఫ్ జేకబ్స్ తన కెల్టిక్ జానపద కథల పుస్తకంలో ఈ కథ చెప్పి, వెనక నోట్సులో దాని మూలాన్ని మన పంచతంత్రం దాకా తవ్వుకుంటూ వచ్చాడు. ఇప్పటికీ జనం ఆ రాళ్ల దగ్గర కళ్లు తుడుచుకుంటారు. సమాధిలో ఎవరూ లేరని తెలిసినా పెద్ద తేడా పడదనుకుంటా.

ఈ కథ ప్రతిచోటా 'మొన్నీమధ్య జరిగింది' అన్నట్టే చెప్పుకుంటారు. ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు కూర్చిన ఇద్దరిలో ఒకడైన ఎమెనో 1940లో రాసిన వ్యాసం దీని గురించే. వేల ఏళ్ల నాటి ముంగిస కథ నిజంగా జరిగిన వార్తలా ఎలా తిరుగుతుందో చూపించాడు. అమెరికాలో జానపద కథలు సేకరించే బ్రున్‌వాండ్ 1984లో వేసిన పుస్తకానికైతే పేరే 'ఊపిరాడని డాబర్‌మన్'. ఒకావిడ ఇంటికొచ్చేసరికి ఒంటరిగా వదిలిన కుక్క గొంతులో ఏదో అడ్డుపడి కొట్టుకుంటుంటుంది. డాక్టరు దగ్గర వదిలి ఇంటికొస్తే ఫోను మోగుతుంది, వెంటనే బయటికి వచ్చెయ్, దాని గొంతులోంచి మనిషి వేళ్లు తీశాను అని. దొంగ ఇంకా అల్మరాలోనే ఉంటాడు. ఇక్కడ ఉయ్యాల లేదు, పాము లేదు. ఖాళీ ఇల్లు, ఒక్క కుక్క, ఏం జరిగిందో ఊహించుకునే మనిషి మాత్రం అలాగే ఉన్నారు.

ఇన్ని రూపాలు పక్కపక్కన పెట్టుకుంటే అమ్మ మాటే గెలిచింది. భిక్ష, శ్రాద్ధం, పోటీలు, వేట. ప్రతి కథా ఇంట్లోని పెద్దల్ని ఒక్కొక్కర్నీ ఎంతో జాగ్రత్తగా బయటికి పంపిస్తుంది, ఎందుకు వెళ్లారో కూడా చెబుతుంది. కానీ నీతి దగ్గరికి వచ్చేసరికి వెళ్లిన సంగతి మర్చిపోయి, తిరిగొచ్చాక చేసిన పని ఒక్కటే పట్టుకుంటుంది. కోపంలో చంపినవాణ్ణి దుఃఖపడే మనిషిగా చూపించడం తేలిక. వదిలేసి వెళ్లినవాడి గురించి మాట్లాడితే వినేవాళ్లందరి మీదకీ వస్తుంది.

అయినా అమ్మతో పూర్తిగా ఏకీభవించలేను. మాధవుడికి ఆ పూట దానం పోతే ఇల్లు గడవదు. మా ఊళ్లో మా తాతల ఇంట్లో అసలు ఈ ప్రశ్నే లేదు, ఎందుకంటే ఇల్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. నాయనమ్మ మంచం మీద, ఎవరో ఒకరు పెరట్లో, కుక్క అరుగు మీద. కుక్క లోపలికొస్తే అదిలించడానికి కనీసం ముగ్గురుండేవాళ్లు. తాళం వేసే అవసరమే పెళ్లిళ్లకి పోయినప్పుడు. కుక్కని ఇంట్లో ఒంటరిగా ఎప్పుడు వదలొచ్చు అనేది, పెద్దలందరూ ఒకేసారి ఉద్యోగాలకి వెళ్లే ఇళ్లలో పుట్టే ప్రశ్న. కట్టేసి వెళ్తే సరిపోతుంది కదా అనే జవాబు కూడా చాలా పాతది. పాంపేయి తవ్వకాల్లో 1874లో ఒక కుక్క ఆకారం దొరికింది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఇంటివాళ్లు ఇంట్లో లేరు. మెడకి పట్టీ, గొలుసు. బూడిదలో దాని శరీరం వదిలిన ఖాళీలో ప్లాస్టర్ పోస్తే, వీపు మీదకి తిరగబడి మెలికలు తిరిగిన భంగిమ బయటపడింది. ఫొటో చూసిన రోజు కర్రి క్రేట్ తలుపు మూయలేకపోయాను.

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి మొదటి రోజే ప్రొడక్షన్ సర్వర్ తాళాలివ్వం. ముందు చూడటానికి, తర్వాత చిన్న మార్పులకి, అలా కొంచెం కొంచెంగా ఇస్తాం. కుక్కలకి శిక్షణ ఇచ్చేవాళ్లు చెప్పేది కూడా దాదాపు ఇదే. ముందు ఒక గది, పది నిమిషాలు. ఏ గొడవా లేకపోతే ఇంకొంచెం సేపు, ఆ తర్వాత ఇంకో గది. వయసు లెక్క ఒక్కటే చూడొద్దు, పాలపళ్లు రాలినా కొరికే సరదా ఏడాదిన్నర, రెండేళ్ల దాకా పోకపోవచ్చు అంటారు. తేడా ఏమిటంటే సర్వర్‌లో ఎవరు ఏం చేశారో లాగ్ ఉంటుంది. ఇంట్లో లేదు. అందుకని కెమెరా కొన్నాను. మూడు వారాలు చూశాను. కర్రి తలుపు దగ్గర పడుకుంటాడు. లిఫ్టు చప్పుడైతే తల ఎత్తుతాడు. మళ్లీ పడుకుంటాడు. ఒకసారి నా చెప్పు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు, కొరకలేదు. ఇంత విసుగు పుట్టించే వీడియో నేను జీవితంలో చూడలేదు. మొదటిసారి వాడిమీద నాకు సిగ్గేసింది కూడా అది చూస్తూనే.

ఇప్పుడు పాపకి ఐదో నెల. మేమందరం బయటికెళ్తే కర్రికి ఇల్లంతా స్వేచ్ఛే, రెండు మూడు గంటలు. పాప ఉన్న గదికి మాత్రం నడుమెత్తు గేటు పెట్టించాం. గదిలో పెద్దవాళ్లు ఉన్నంతసేపూ అది తెరిచే ఉంటుంది. కర్రి వచ్చి పాప కాళ్లు వాసన చూసి గుమ్మం దగ్గర పడుకుంటాడు. అమ్మ వాణ్ణి "ఏరా నల్లోడా" అని పలకరిస్తుంది, తాకదు. గదిలో మనిషి లేకపోతే గేటు వేసెయ్యాలి. ఒక్క నిమిషానికైనా సరే. వాణ్ణి నమ్మక కాదు అని చెప్పుకుంటూ ఉంటాను. ఏది ఎందుకో అంత కచ్చితంగా నాకూ తెలియదు. చేసే పనిలో మాత్రం తేడా లేదు.

నిన్న కొరియర్ అబ్బాయి బెల్ కొట్టాడు. పాప పక్క మీద బోర్లా పడటానికి అవస్థపడుతోంది. నేను లేచి గదిలోంచి బయటికొచ్చాను. కర్రి కూడా నా వెనకే లేచాడు. వంటింట్లోంచి అమ్మ కేకేసింది.

"గేటు గడియ పెట్టావా?"

"పెట్టానే."

"ఏదీ, చప్పుడు వినపళ్లేదు."

వెనక్కెళ్లి, తీసి, వినపడేలా మళ్లీ వేశాను.